విమానం: కొలతలో పుట్టిన మాట

తిరుమలలో గర్భగుడి మీద బంగారు తాపడంతో మెరిసేది ఆనందనిలయ విమానం. శంషాబాద్ నుంచి దుబాయికి లేచేదీ విమానమే. ఒకటి కదలదు, ఒకటి నిలవదు. ఈ రెంటికీ ఒకే మాట ఎలా కుదిరిందన్నది చిన్నప్పటి నుంచీ నాకు సందేహం. పుష్పక విమానం కథ విన్నాక, దేవతల రథం పేరే రెంటికీ వచ్చిందని సర్దుకున్నాను. అది సగం జవాబే.

‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. ముందు ‘వి’ ఉపసర్గ చేరితే విమానం: కొలిచి ఏర్పరచినది. ఋగ్వేదంలో అంతరిక్షాన్ని కొలిచేవాడు అనే అర్థంలోనూ ఈ మాట ఉంది. ఆ తర్వాతే అది మేడ అయింది, గుడి శిఖరం అయింది, ఆకాశరథం అయింది. ప్రమాణం, పరిమాణం, అనుమానం అన్నీ దీని రక్తసంబంధీకులే. అభిమానం, అవమానం మాత్రం కావు; అవి తలచడం అనే అర్థమున్న ‘మన్’ ధాతువు బిడ్డలు. మా ఇంట్లో బియ్యం కొలిచే మానిక మాత్రం ఈ చుట్టమే. అంచు దాటిన గింజల్ని నాయనమ్మ అరచేత్తో చదును చేస్తుంటే రాలే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సంస్కృతంలో ‘వి’ అంటే పక్షి కూడా. విమానంలో పక్షిని చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇక్కడి ‘వి’ ఉపసర్గ, పక్షి కాదు. పక్షి దాగిన మాట ఫ్రెంచివాళ్లది: ఆవియోఁ. లాటిన్‌లో పక్షిని ‘ఆవిస్’ అంటారు, మన ‘వి’కి తోబుట్టువు. ఆ మాట సృష్టించిన క్లెమాఁ అదేర్ గబ్బిలం రెక్కల్ని పోలిన రెక్కలు కట్టి, ఆవిరియంత్రం అమర్చి, 1890 అక్టోబరు 9న నేల విడిచాడు. జానెడు ఎత్తున, సుమారు 50 మీటర్లు. యంత్రబలంతో మనిషి నేల విడవడం అప్పటికి చిన్న సంగతి కాదు. ఆ సాహసానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ గాలిలో దాన్ని అదుపు చేసే దారి ఆయనకు దొరకలేదు.

రైట్ సోదరుల కథ వేరు. 1901లో వాళ్ల గ్లైడర్‌ను గాలి లెక్కగట్టినంత బలంగా ఎత్తలేదు, మూడో వంతే ఎత్తింది. అప్పటిదాకా అందరూ నమ్మిన ఆ లెక్కల పట్టికల్నే వాళ్లు అనుమానించారు, సందేహించడమనే మన తెలుగు అర్థంలోనూ, ఆధారాన్ని బట్టి తేల్చడమనే తర్కశాస్త్రం అర్థంలోనూ. డేటన్‌లోని తమ సైకిల్ దుకాణంలో ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక కొసన ఫ్యాను పెట్టారు. లోపల తక్కెడ. రంపపు బ్లేడు ముక్కలు, సైకిల్ చక్రాల పుల్లలు కలిపి తామే చేసుకున్నది. వేలెడంత రేకు రెక్కల్ని సుమారు 200 ఆకారాల్లో కత్తిరించి, ఒక్కొక్కటే ఆ గాలిలో తూచారు. ఏ వంపు ఎంత ఎత్తుతుందో రాసుకున్నారు. తరతరాలుగా వాడుతున్న గాలి ఒత్తిడి గుణకమే తప్పని తేల్చారు. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ దగ్గర ఇసుక తీరాన 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ‘విమానం’ అన్న మాట ఆ యంత్రానికి సరిపోయినంతగా మరే భాషలోని మాటా సరిపోలేదని నా నమ్మకం. వాళ్లు దాన్ని నిజంగా కొలిచి కట్టారు.

అయినా మా నాయనమ్మ ఎన్నడూ విమానం అనలేదు. ఆమెకు అది గాలిమోటరు. నాటుమాట అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను. రెక్క లెక్క తేలినా, తగినంత తేలికైన ఇంజను ఏ తయారీదారు దగ్గరా దొరక్క రైట్ సోదరులు ఆగిపోయినప్పుడు, వాళ్ల దుకాణం పనివాడు చార్లీ టేలర్ ఆరు వారాల్లో 12 గుర్రాల బలమున్నది చేసి ఇచ్చాడు. ఆ మోటరుకు పేరులో చోటిచ్చింది మన పల్లెలే. నాయనమ్మ ముందు ఆ మోత వినేది. చేతిలో మానిక పక్కన పెట్టి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాతే తలెత్తేది.