కుష్ఠు నియంత్రణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పాత్ర

కుష్ఠువ్యాధి పూర్వజన్మ పాపఫలం కాదు, వంశపారంపర్యమూ కాదు. మైకోబాక్టీరియం లెప్రే అను సూక్ష్మజీవి వలన కలుగు ఈ వ్యాధి పూర్తిగా నయమగును. ఈ క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నారు.

నేపథ్యం

దేశంలో కుష్ఠు నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైనది. బహుళ ఔషధ చికిత్స (ఎం.డి.టి.) రాకతో 1983లో అది జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంగా మారినది. ఈ చికిత్స తొలుత అందిన జిల్లాలలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నవి. 1983లో ప్రతి 10,000 జనాభాకు 57.8గా ఉన్న వ్యాధి వ్యాప్తి రేటు 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో ఒకటి కంటె తగ్గినది.

బాధ్యత మార్పు

పూర్వం ప్రత్యేక సిబ్బంది ఇంటింటికీ తిరిగి రోగులను గుర్తించేవారు. రోగుల సంఖ్య తగ్గుటతో ఈ సేవలు సాధారణ వైద్య వ్యవస్థలో విలీనమైనవి. ఫలితంగా ప్రకాశం జిల్లా ముండ్లమూరు వంటి మెట్ట మండలాలలో తొలి మచ్చను గుర్తించవలసిన బాధ్యత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఉపకేంద్రాలపై ఉన్నది. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండవలెనని ప్రమాణం.

గుర్తింపు, చికిత్స

చర్మంపై పాలిపోయిన లేదా ఎర్రబారిన, స్పర్శ లేని మచ్చ ప్రధాన లక్షణం. అది నొప్పి, దురద పెట్టదు గనుక రోగి తనంతట తాను ఆసుపత్రికి రాడు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. గమనించి పంపినచో వైద్యాధికారి నిర్ధారించి ఉచితంగా మందులు ఇచ్చెదరు. మచ్చలు ఐదు వరకు ఉన్నచో 6 నెలలు, అంతకు మించినచో 12 నెలలు మందులు వాడవలెను. చికిత్స ఆరంభించిన కొద్ది రోజులకే వ్యాధి ఇతరులకు సోకే అవకాశం దాదాపు తొలగిపోవును.

అసలు సవాలు

వ్యాప్తి రేటు తగ్గినంత మాత్రాన వ్యాధి అంతరించినట్లు కాదు. వేళ్లు వంకరపోయిన తరువాత రోగి కేంద్రానికి వచ్చెనన్న, ఆ ఊరిలో గుర్తింపు ఆలస్యమైనట్లే. మందులు క్రిమిని చంపును గాని చచ్చిన నరమును బ్రతికించజాలవు. నరాల వాపును సకాలంలో గుర్తించి ప్రెడ్నిసొలోన్ ఇచ్చినచో అంగవైకల్యమును చాలావరకు నివారించవచ్చును. పనులకై వలస పోవు కుటుంబాలకు మందులు మధ్యలో ఆగకుండ చూచుట కేంద్రం సిబ్బంది కర్తవ్యం.

చట్టపరమైన వివక్ష కూడ తగ్గుచున్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయినది. కుష్ఠు కారణంగా విడాకులు కోరు అవకాశమును 2019లో పార్లమెంటు తొలగించినది. 2027 నాటికి వ్యాధి సంక్రమణను పూర్తిగా ఆపవలెనను జాతీయ లక్ష్యం నెరవేరుట గ్రామస్థాయిలో తొలి మచ్చను ఎంత త్వరగా గుర్తించెదరన్న దానిపై ఆధారపడియున్నది.