బ్రిసేయిస్ శోకము: ట్రాయి యుద్ధకథకు ఆధునిక రూపములు

గ్రీకు పురాణకథలను మరల చెప్పిన ఇటీవలి రచయితలు మూగవోయిన స్త్రీలకు గొంతు నిచ్చిరనుట విమర్శయందు పరిపాటియైనది. ఈ మాట పూర్తిగా సత్యము కాదు. హోమరు ఇలియడ్ కావ్యముననే స్త్రీల విలాపము కలదు. తుదిదగు 24వ సర్గమున హెక్టరు శవము కడ ఆండ్రొమకె, హెక్యుబా, హెలెను వరుసగా విలపింతురు. అట్లయిన ఆధునికులు తెచ్చిన మార్పు ఏది? దీనికి సమాధానము బ్రిసేయిస్ కథలో లభించును.

బ్రిసేయిస్ చెరపట్టబడి అకిలీసు పాలికి వచ్చిన స్త్రీ. ఆమె కారణముగనే అకిలీసునకును ఆగమెమ్నానునకును వైరము పుట్టినది. అయినను కావ్యమున ఆమె మాటలాడునది ఒక్కమారే. అది 19వ సర్గమున, పాట్రొక్లసు శవము కడ. తన భర్తయు ముగ్గురు సోదరులును హతులైన విధము ఆమె అచ్చట చెప్పుకొనును. చుట్టునున్న స్త్రీలు పాట్రొక్లసును నెపముగా గొని ఎవరి దుఃఖమునకు వారు ఏడ్చిరని కవి వెంటనే తెలుపును. విజేతల వీరునికై ఏడ్చుటకు బందీలకు అనుమతి కలదు; తమవారికై ఏడ్చుటకు నెపము కావలెను. ఆధునిక రచనలకు బీజము ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

ఈ నెపమును తొలగించుట ప్రాచీన కాలముననే ఆరంభమైనది. క్రీ.పూ. 416లో ఏథెన్సువారు మీలోసు ద్వీపమును ముట్టడించి, అది లొంగిన పిదప పురుషులను చంపి, స్త్రీలను పిల్లలను బానిసలను గావించిరి. క్రీ.పూ. 415లో యూరిపిడీసు 'ట్రాయి స్త్రీలు' నాటకమును ఆ ఏథెన్సు పౌరుల యెదుటనే ప్రదర్శించెను. నాటకమున మీలోసు ప్రసక్తి లేదు. కాని ఓడినవారి శోకము గెలిచినవారికి సూటిగా వినబడినది. ఆనాటి పోటీలో అతనికి ద్వితీయ స్థానమే దక్కినది. అల్జీరియా యుద్ధము 1962లో ముగియగా, 1965లో సార్త్ర్ ఈ నాటకమునే పారిస్ ప్రేక్షకులకై తిరుగ వ్రాసి, యుద్ధము ఎల్లరను కబళించునను హెచ్చరికతో ముగించెను.

2018లో వెలువడిన పాట్ బార్కర్ నవల 'ది సైలెన్స్ ఆఫ్ ది గర్ల్స్' నందు బ్రిసేయిస్ తన కథను చాలవరకు తానే చెప్పును. కొన్ని అధ్యాయములు మాత్రము అకిలీసు దృష్టితో సాగును. ఇది లోపమని కొందరందురు. నా కట్లు తోచదు. తన కథను తుదివరకు తానే చెప్పుకొనలేని బందీ స్థితి అందు వ్యక్తమగుచున్నది.

తిక్కన తెనిగించిన స్త్రీపర్వకథ మనకు పరిచితమే. గాంధారి రణభూమిని నిలిచి, శత్రుపక్షపు అభిమన్యునికై సైతము దుఃఖించి, కృష్ణుని యెదుటనే నిందించి శపించును. ఆమె శోకమునకు నెపము అక్కరలేదు, ఆమె రాణి. బ్రిసేయిస్ బానిస. కావున ఇట్టి రచనలను పరిశీలించునపుడు స్త్రీ మాటలాడినదా యని గాక, ఎవరి అనుమతితో ఏడ్చినదని అడుగుట సమంజసము.