తపాలా డిస్కు నుంచి అంతర్జాల ప్రసారం దాకా: చలనచిత్ర అద్దె వ్యవస్థలో హక్కుల పరిణామం

వ్యాససంగ్రహం

అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 1998లో తపాలా ద్వారా డి.వి.డి.లను అద్దెకివ్వడం ఆరంభించింది. 2007లో అంతర్జాల ప్రసారాన్ని జోడించింది. 2023 సెప్టెంబరు 29న చివరి డిస్కులను పంపి తపాలా సేవను ముగించింది. ఈ పరిణామాన్ని సాంకేతిక ప్రగతిగా వర్ణించడం పరిపాటి. అయితే డిస్కును అద్దెకిచ్చేందుకు ఆధారమైన హక్కు వేరు, చిత్రాన్ని ప్రసారం చేసేందుకు కావలసిన హక్కు వేరు. ప్రేక్షకునికి ఏ చిత్రాలు అందుతాయో, ఎంతకాలం అందుతాయో నిర్ణయించడంలో ఈ తేడాయే ప్రధానమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డి.వి.డి., తపాలా అద్దె, నెట్‌ఫ్లిక్స్, ప్రథమ విక్రయ సూత్రం, కాపీరైటు, ఓ.టి.టి., చలనచిత్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

చలనచిత్ర చరిత్ర రాసేవారు చిత్రాన్ని, దర్శకుణ్ణి, నటీనటులను పట్టించుకున్నంతగా ఆ చిత్రం ప్రేక్షకునికి ఏ దారిలో చేరిందన్న సంగతిని పట్టించుకోవడం అరుదు. సాహిత్య పరిశోధకులకు ఈ లోటు సులువుగా తెలుస్తుంది. తాళపత్రాల నుంచి అచ్చుకు మారే దశలో ఏ గ్రంథాలు పరిష్కరణకు నోచుకున్నాయి, ఏవి అటకల మీదే మిగిలిపోయాయి అన్న ప్రశ్న వేయకుండా మన సాహిత్య చరిత్ర ముందుకు సాగదు. వావిళ్ల వారి ముద్రణాలయానికి ఆ చరిత్రలో ఒక స్థానం ఉన్నది అందుకే. సినిమాకు సంబంధించి అలాంటి ప్రశ్న వేయడానికి నెట్‌ఫ్లిక్స్ తపాలా సేవ మంచి ఆధారం. దానికి ఆది, అంతం రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఒకే సంస్థ పాతదాన్ని, కొత్తదాన్ని పదహారేళ్లకు పైగా పక్కపక్కనే నడిపింది కనుక రెండింటినీ పోల్చడమూ సాధ్యమవుతుంది.

2. పలుచని డిస్కు, చవకైన తపాలా

డి.వి.డి. 1996 నవంబరులో జపానులోను, 1997 మార్చిలో అమెరికాలోను విపణిలోకి వచ్చింది. అంతకు ముందున్న వి.హెచ్.ఎస్. క్యాసెట్టు బరువైనది, ఖరీదైనది. దాన్ని తపాలాలో పంపి, తిరిగి తెప్పించుకుని లాభం గడించడం అయ్యే పని కాదు. డిస్కు అలా కాదు. మామూలు ఉత్తరానికి అంటించే బిళ్లతోనే అది ప్రయాణం చేయగలదు. రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండోల్ఫ్ ఈ సంగతిని పరీక్షించడానికి ఒక సంగీత సి.డి.ని కవరులో పెట్టి సాంటా క్రూజ్‌లోని హేస్టింగ్స్ ఇంటికి పోస్టు చేశారు. అది చెక్కుచెదరకుండా చేరింది. 1997 ఆగస్టులో కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీలో సంస్థ ఏర్పడింది. 1998 ఏప్రిల్ 14న వెబ్‌సైటు తెరుచుకునే నాటికి వారి దగ్గరున్నవి సుమారు 925 చిత్రాలు. అప్పటికి డి.వి.డి. రూపంలో వెలువడిన చిత్రాలు దాదాపు అన్నీ అవే.

ఒక చిత్రాన్ని ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు హేస్టింగ్స్ 40 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చిందనీ, ఆ కోపంలోంచే ఈ సంస్థ పుట్టిందనీ ఒక కథ విస్తృత ప్రచారంలో ఉంది. అది ప్రచారానికి అనువైన కథ మాత్రమేనని రాండోల్ఫ్ స్వయంగా చెప్పారు. అయినా మన పాఠ్యపుస్తకాల దాకా అది పాకింది. మూలపురుషుల కథలకు ఆయుష్షు ఎక్కువ.

మొదట ఒక్కొక్క డిస్కుకు విడిగా అద్దె వసూలు చేసేవారు. 1999 సెప్టెంబరులో నెలవారీ చందా వచ్చింది. గడువు లేదు, ఆలస్య రుసుము లేదు. చందాదారుడు తనకు కావలసిన చిత్రాల వరుసను వెబ్‌సైటులో పెట్టుకుంటాడు. చేతిలో ఉన్నది తిరిగి వెళ్లగానే వరుసలో తరువాతిది బయలుదేరుతుంది. 2000లో బ్లాక్‌బస్టర్ సంస్థకు 5 కోట్ల డాలర్లకు తమను తాము అమ్ముకోబోతే ఆ సంస్థ తోసిపుచ్చింది. 2004లో 9,000కు పైగా దుకాణాలు ఉన్న బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసింది. ఇది చాలామంది రాసిన కథే కనుక దీన్ని ఇక్కడితో విడిచిపెడదాం.

అంతగా రాయనిది తపాలా శాఖ పాత్ర. దేశమంతటా 50కి పైగా పంపిణీ కేంద్రాలు నెలకొల్పి, ఒక్క రోజులో డిస్కు ఇంటికి చేరేలా నెట్‌ఫ్లిక్స్ ఏర్పాటు చేసుకుంది. కానీ ఆ ఎర్ర కవర్లు తిరుగు ప్రయాణంలో తపాలా యంత్రాలలో ఇరుక్కునేవి. ఉద్యోగులు వాటిని చేత్తో వేరు చేయవలసి వచ్చేది. ఇందువల్ల రెండేళ్లలో 4 కోట్ల 19 లక్షల డాలర్ల అదనపు ఖర్చు అయిందని అమెరికా తపాలా శాఖ తనిఖీ విభాగం 2007లో లెక్క తేల్చింది. వీడియో ఆటల డిస్కులను అద్దెకిచ్చే గేమ్‌ఫ్లై అనే సంస్థ తమకు అదే సదుపాయం దక్కడం లేదని 2009లో ఫిర్యాదు చేసింది. 2013లో అప్పీలు న్యాయస్థానం గేమ్‌ఫ్లై పక్షాన నిలిచింది. ప్రైవేటు చొరవగా కీర్తి గాంచిన ఈ వ్యాపారం ఒక ప్రభుత్వ సేవ మీద, ఆ సేవలోని చేతుల మీద ఎంతగా ఆధారపడిందో ఈ వ్యాజ్యం చెబుతుంది.

తపాలా వ్యవస్థలో మరొక చిక్కు ఉంది. ఎక్కువగా చూసే చందాదారుడు సంస్థకు నష్టం తెస్తాడు. ప్రతి డిస్కుకూ రాకపోకల ఖర్చు ఉంటుంది, చందా మాత్రం పెరగదు. ఎక్కువ డిస్కులు తెప్పించుకునే వారికి కొత్త చిత్రాలను ఆలస్యంగా పంపుతున్నారంటూ 2004లో సామూహిక వ్యాజ్యం దాఖలైంది. అది రాజీతో ముగిసింది. ప్రసారంలో ఈ లెక్క తలకిందులైంది. అక్కడ ఒక చూపుకు అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. అసలు భారం చిత్రం మీద హక్కు సంపాదించడంలోనే ఉంటుంది.

3. కొన్న వస్తువు మీద కొన్నవాడి హక్కు

నెట్‌ఫ్లిక్స్ డిస్కులను అద్దెకివ్వడానికి నిర్మాతల అనుమతి అవసరం లేదు. అంగడిలో డిస్కు కొంటే చాలు. అమెరికా చట్టంలో దీన్ని ప్రథమ విక్రయ సూత్రం అంటారు. హక్కుదారుడు ఒక ప్రతిని ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి మీద పంపిణీ అధికారం కొన్నవానికి చెందుతుంది. ఈ సూత్రం పుట్టింది సినిమాలో కాదు, పుస్తకంలో. ఒక నవలను డాలరు కంటే తక్కువకు అమ్మరాదని ప్రచురణకర్త పుస్తకంలోనే హెచ్చరిక ముద్రించాడు. న్యూయార్క్‌లోని ఒక పెద్ద అంగడి దాన్ని 89 సెంట్లకే అమ్మింది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు అంగడి పక్షాన తీర్పు చెప్పింది. ఇప్పటి కాపీరైటు చట్టంలో అది 109వ సెక్షను. సంగీత రికార్డుల అద్దెను 1984లో, కంప్యూటరు సాఫ్ట్‌వేరు అద్దెను 1990లో శాసనసభ ఈ వెసులుబాటు నుంచి తప్పించింది. సినిమా విషయంలోనూ అలాంటి సవరణ కోసం స్టూడియోలు గట్టిగా ప్రయత్నించాయి గాని, నెగ్గలేదు. వీధి మొగలో వీడియో దుకాణం, ఆ తరువాత ఎర్ర కవరు నిలదొక్కుకున్నది ఆ ఓటమి వల్లనే.

ఈ సూత్రం ఫలితంగా డిస్కు అద్దె సేవలో చిత్రాల సంఖ్య 1,00,000 దాటింది. మూకీ చిత్రాలు, విదేశీ చిత్రాలు, ఏ సంస్థా మళ్లీ విడుదల చేయని పాత లఘు చిత్రాలు అందులో ఉండేవి. నిర్మాణ సంస్థ మూతపడినా, వారసుల మధ్య తగాదాలున్నా, కొన్న డిస్కుకు ఆ గొడవ అంటదు. అరిగిపోయేదాకా అది అద్దెకు తిరుగుతూనే ఉంటుంది.

ప్రసారానికి ఈ రక్షణ లేదు. అంతర్జాలంలో చిత్రాన్ని చూపడం చట్టం దృష్టిలో ప్రతిని చేతులు మార్చడం కాదు. అది సార్వజనిక ప్రదర్శన. ప్రదర్శనకు ప్రతి చిత్రానికీ విడిగా, కాలపరిమితితో, దేశాలవారీగా అనుమతి తీసుకోవాలి. పరిమితి తీరితే చిత్రం వెళ్లిపోతుంది. గ్రంథాలయంలో పుస్తకానికీ, అద్దె ఇంట్లో కాపురానికీ ఉన్నంత తేడా ఇది.

4. ప్రసారం తెచ్చిన బేరం

2007 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ప్రసారం మొదలైనప్పుడు అందులో ఉన్నవి సుమారు 1,000 చిత్రాలు. అదే సంస్థ డిస్కుల సంఖ్యతో పోలిస్తే ఇది పిసరంత. చందాలోని ప్రతి డాలరుకూ నెలకు ఒక గంట చొప్పున చూడనిచ్చేవారు, 17.99 డాలర్లు కట్టినవారికి 18 గంటలు. ఆ హద్దును చాలా పథకాలకు 2008 జనవరిలో ఎత్తివేశారు. అదే ఏడు ఆగస్టులో సంస్థ కంప్యూటర్లలో సమాచారనిధి చెడిపోయి మూడు రోజుల పాటు డిస్కులు పంపలేకపోయారు. సంస్థ తన సొంత యంత్రాలను వదిలి అమెజాన్ వారి సర్వర్లకు తరలడానికి మూలకారణం ఈ డిస్కుల అంతరాయమే. సంధికాలపు విచిత్రం మరొకటుంది. 2009 చివర సోనీ ప్లేస్టేషన్ 3 యంత్రంలో ప్రసారం చూడాలంటే మొదట తపాలాలో వచ్చిన ఒక డిస్కును యంత్రంలో పెట్టాలి. సుమారు ఏడాది తరువాతే ఆ అవసరం తీరిపోయింది.

చిత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి? 2008 అక్టోబరులో స్టార్జ్ అనే కేబుల్ ఛానెలుతో ఒప్పందం కుదిరి దాదాపు 2,500 శీర్షికలు ఒక్కసారిగా చేరాయి. డిస్నీ, సోనీ చిత్రాలు వచ్చింది ఆ దారినే. అయితే ఈ చరిత్రలో అసలు మలుపు 2010 జనవరిలో వార్నర్ బ్రదర్స్‌తో జరిగిన ఒప్పందమని నా అభిప్రాయం. కొత్త చిత్రం డిస్కు అంగడికి వచ్చాక 28 రోజుల దాకా దాన్ని అద్దెకివ్వబోమని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. బదులుగా చవక ధరకు డిస్కులు, ప్రసారానికి మరికొన్ని చిత్రాలు పొందింది. చట్టం ఎవరినీ అడగనక్కరలేకుండా ఇచ్చిన స్వేచ్ఛను, అడిగితే తప్ప దొరకని అనుమతి కోసం సంస్థ తానే కుదువపెట్టింది. ఆ తరువాతి కథంతా ఈ తర్కానికి కొనసాగింపే.

2011 జులైలో డిస్కు, ప్రసారం పథకాలను విడదీయడంతో రెండూ కావలసినవారి చందా 9.99 డాలర్ల నుంచి 15.98 డాలర్లకు పెరిగింది. సెప్టెంబరులో డిస్కుల విభాగానికి క్విక్‌స్టర్ అని పేరు పెట్టి వేరు చేస్తామన్నారు. మూడు వారాలకే, అక్టోబరు 10న, ఆ ఆలోచన విరమించుకున్నారు. ఆ మూడు నెలలలో 8 లక్షల మంది చందాదారులు తగ్గారు. దీన్ని వ్యాపార తప్పిదానికి ఉదాహరణగా నేటికీ పాఠాలు చెబుతారు. చందాదారుల నిరసనలో ధర ఒక్కటే లేదు. ఒక తెర మీద ఒకే చోట వెతుక్కునే సౌకర్యం పోవడమూ ఉంది. 2012 ఫిబ్రవరిలో స్టార్జ్ ఒప్పందం ముగిసి ఆ చిత్రాలు ప్రసారం నుంచి తొలగిపోయాయి. వాటి డిస్కులు మాత్రం తపాలాలో వస్తూనే ఉన్నాయి. ఒకే సంస్థ, ఒకే చిత్రం. రెండు హక్కులు, రెండు ఫలితాలు. ఇతరుల అనుమతి మీద బతకడం ఎంత ప్రమాదమో గ్రహించిన నెట్‌ఫ్లిక్స్ సొంత నిర్మాణం వైపు మళ్లింది. 2013 ఫిబ్రవరి 1న హౌస్ ఆఫ్ కార్డ్స్ ధారావాహికను విడుదల చేయడంతో అద్దె దుకాణం స్టూడియోగా మారడం మొదలైంది.

5. భారతీయ సందర్భం

మన దేశంలో ఈ కథ ఇలా సాగకపోవడానికి కారణం ఆదాయాలు, తపాలా శాఖ పనితీరు మాత్రమే కాదు. 1994 సవరణ తరువాత భారత కాపీరైటు చట్టం 14వ సెక్షను ప్రకారం, ఒక ప్రతి అంతకు ముందే అమ్ముడైనా సరే, దాన్ని అద్దెకిచ్చే హక్కు నిర్మాతదే. 2012 సవరణలో పదాలు మారాయి గాని వాణిజ్య అద్దె మీద నిర్మాత అధికారం నిలిచే ఉంది. ఢిల్లీలోని సినిమా పారడిసో అనే వీడియో లైబ్రరీ విదేశాలలో కొన్న అసలు డిస్కులనే అద్దెకిచ్చేది. అయినా అది ఉల్లంఘనేనని ఢిల్లీ హైకోర్టు 2009లో వార్నర్ బ్రదర్స్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. మన పట్టణాలలోని వీడియో లైబ్రరీలలో అధిక భాగం ఈ అనుమతుల ఊసు లేకుండానే నడిచాయన్నది ఆ తరం ఎరిగిన సంగతే. బెంగళూరు కేంద్రంగా సెవెంటీ ఎం.ఎం., రిలయన్స్ వారి బిగ్‌ఫ్లిక్స్ ఆన్‌లైనులో ఎంచుకున్న డిస్కును ఇంటికి చేర్చే ప్రయత్నం చేశాయి గాని నిలవలేదు. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ సంస్థ తెలుగుతో సహా పలు భాషల చిత్రాల వి.సి.డి.లను 28 రూపాయలకు, డి.వి.డి.లను 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. ఆ ధరకు కొనుక్కోగలిగినప్పుడు అద్దెకు తెచ్చుకునేవారెవరు?

అమెరికాలోని తెలుగువారి అనుభవం వేరు. అక్కడ తెలుగు చిత్రాల క్యాసెట్లకు, ఆపైన డిస్కులకు నెలవు భారతీయ కిరాణా దుకాణం. పప్పులు, పచ్చళ్ల పక్కన ఒక అరలో అవి అద్దెకు దొరికేవి. ఆ దుకాణాలు చందాల లెక్కలు గాని, చిత్రాల జాబితాలు గాని చరిత్రకారుని కోసం భద్రపరచలేదు. ప్రవాసాంధ్రుల సాంస్కృతిక చరిత్ర రాయబూనిన పరిశోధకులు ఆ తరంవారు ఉండగానే వారి జ్ఞాపకాలను సేకరించవలసిన అవసరం ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో భారతదేశంలో అడుగుపెట్టినప్పుడు నేరుగా ప్రసారంతోనే వచ్చింది. 2020లో తెలుగుకే ప్రత్యేకంగా ఆహా వేదిక వెలిసింది. అంటే కొన్న ప్రతి మీద ఆధారపడిన చట్టబద్ధమైన, విస్తృతమైన అద్దె దశ ఏదీ లేకుండానే తెలుగు సినిమా ఒప్పందాల దశలోకి ప్రవేశించింది. ఒక పాత తెలుగు చిత్రం ఈ నెల ఒక వేదిక మీద ఉండి వచ్చే నెల లేకపోతే, పరిశోధక విద్యార్థి దాన్ని మళ్లీ చూసి సరిచూసుకోవడానికి చట్టబద్ధమైన మరో ప్రతి చాలాసార్లు దొరకదు. సిద్ధాంత వ్యాసాలలో చిత్రం పేరు, సంవత్సరం మాత్రమే ఇచ్చే అలవాటు ఇక చాలదు. ఏ వేదికలో, ఏ తేదీన, ఎంత నిడివి గల ప్రతిని చూశారో కూడా నమోదు చేయడం మేలు. పాఠాంతరాలు చూపకుండా కావ్య పరిష్కరణను మనం అంగీకరించం కదా.

6. చివరి కవర్లు

2023 ఏప్రిల్ 18న నెట్‌ఫ్లిక్స్ తపాలా సేవ ముగింపును ప్రకటించింది. అప్పటికి మొత్తం 520 కోట్లకు పైగా డిస్కులు పంపినట్లు, పాతికేళ్లలో 4 కోట్ల మందికి పైగా ఈ సేవను వాడుకున్నట్లు సంస్థ లెక్క చెప్పింది. చివరిదాకా చందా మానని వారిలో వేగవంతమైన అంతర్జాలం అందని పల్లెలవారు, ప్రసారంలో దొరకని చిత్రాలు కోరేవారు ఉన్నారు. సియాటిల్ నగరంలోని స్కేర్‌క్రో వీడియో 2014 నుంచి లాభాపేక్ష లేని సంస్థగా 1,00,000కు మించిన చిత్రాలను నేటికీ కాపాడుతోంది. అయితే అది ఒక నగరపు సంస్థ. దేశమంతటికీ సరితూగే ప్రత్యామ్నాయం కాదు.

సెప్టెంబరు 29న ఆఖరి కవర్లు బయలుదేరాయి. చందాదారులలో కొందరికి వరుసలోని చిత్రాలు అదనంగా పది దాకా పంపారు. వాటిని తిరిగి పంపనక్కరలేదని, ఉంచుకోవచ్చని సంస్థ తెలియజేసింది. ఆ డిస్కులు ఇప్పుడు వారి సొత్తు. 109వ సెక్షను ప్రకారం వారు వాటిని పొరుగువారికి ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కావాలంటే అద్దెకూ తిప్పుకోవచ్చు.