మున్సిపాలిటీలో ఏ పని ఎక్కడ తేలుతుంది? కౌన్సిల్ నిర్ణయాలపై కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ, మసీదు గల్లీలో వీధి దీపం, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు, పండ్ల బండికి చోటు. నాలుగూ మున్సిపాలిటీ పనులే. కానీ నాలుగింటికీ దారి ఒకటి కాదు. గోడకు కౌన్సిల్ తీర్మానం కావాలి. దీపానికి ఒక ఫిర్యాదు చాలు. సర్టిఫికెట్‌కు కౌన్సిలర్ సంతకంతో పనే లేదు. బండి సంగతి చూడటానికి వేరే కమిటీ ఉంది. ఈ తేడా తెలియక చాలామంది ఒకే గుమ్మం చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. చివరికి "మనవాళ్ల పని ఎవరూ చేయరు" అని విసిగి వదిలేస్తారు. కొన్నిసార్లు ఆ మాట నిజం కావచ్చు. కానీ కాగితం సరైన బల్ల మీదికి చేరిందా లేదా అన్నది ముందుగా చూసుకోవాలి.

మున్సిపాలిటీ అంటే ఎవరు?

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. తాగునీరు, పారిశుధ్యం, రోడ్లు, వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి, జనన మరణాల నమోదు, శ్మశానాలు, ఖబరస్తాన్లు, కబేళాల నియంత్రణ అన్నీ అందులోనివే. ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపాలిటీలు 1965 నాటి చట్టం కింద, తెలంగాణలో 2019 చట్టం కింద నడుస్తున్నాయి.

మున్సిపాలిటీలో ఇద్దరి పాత్రను వేరుగా చూడాలి. వార్డుల నుంచి గెలిచిన కౌన్సిలర్లు, వాళ్లు ఎన్నుకున్న చైర్‌పర్సన్ కలిసి కౌన్సిల్. నిర్ణయం చేసేది వాళ్లు. కమిషనర్ ప్రభుత్వం నియమించిన అధికారి. ఆ నిర్ణయాన్ని అమలు చేసేది, రోజువారీ ఆఫీసు నడిపేది ఆయన లేదా ఆమె. కౌన్సిల్ చట్టానికి విరుద్ధంగా తీర్మానం చేస్తే దాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

కౌన్సిల్ గడువు ఐదేళ్లు. గడువు ముగిసేలోపు ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తారు. తెలంగాణలో చాలా మున్సిపాలిటీలకు 2025 జనవరిలో ఇదే జరిగింది. అలాంటప్పుడు వార్డు తరఫున సభలో లేచి అడిగే మనిషి ఉండడు. అందుకే ఆ రోజుల్లో రాసిచ్చిన అర్జీ విలువ ఇంకా పెరుగుతుంది.

సమావేశంలో ఏం జరుగుతుంది?

కౌన్సిల్ సమావేశానికి ముందుగా అజెండా తయారవుతుంది. ఒక్కో అంశానికి ఒక నంబరు, దాని కింద ఆఫీసు నోట్ ఉంటాయి. పని ఏమిటి, ఎంత ఖర్చు, ఏ నిధి నుంచి అన్నది ఆ నోట్‌లో రాస్తారు. చర్చ తర్వాత ఆ అంశాన్ని ఆమోదిస్తారు, వాయిదా వేస్తారు లేదా తిరస్కరిస్తారు. మినిట్స్ పుస్తకంలో ఎక్కిందే తీర్మానం. సభలో ఎవరు ఎంత గట్టిగా మాట్లాడినా, చైర్‌పర్సన్ "చేద్దాం లెండి" అన్నా, పుస్తకంలో లేకపోతే అది మాటే.

అత్యవసరమని ముందే చేసిన పనులు కూడా తర్వాత అజెండాలోకి వస్తాయి. పైపు పగిలినప్పుడు వేయించిన కొత్త పైపు, ఎండాకాలంలో తిప్పిన ట్యాంకర్లు, పండుగకు పెట్టిన ఖర్చు ఇలాంటివి. వీటికి సభ ఆమోదం తీసుకోవడాన్ని రాటిఫికేషన్ అంటారు. అజెండాలో ఈ అంశాలు చదివితే ఏ వార్డులో ఎంత ఖర్చయిందో తెలుస్తుంది.

గోడ ఎలా లేస్తుంది?

ఉదాహరణకు ఒక ఖబరస్తాన్‌కు ప్రహరీ కావాలనుకుందాం. మొదట తేలాల్సింది స్థలం సంగతి. అది వక్ఫ్ గెజిట్‌లో ఉందా, సర్వే నంబరు ఏమిటి, హద్దులు ఎక్కడివరకు అన్నవి కాగితాల మీద స్పష్టంగా ఉండాలి. హద్దుల మీద తగవు ఉంటే దాన్ని తీర్చే అధికారం కౌన్సిల్‌కు లేదు. అది రెవెన్యూ సర్వే, వక్ఫ్ బోర్డు, ట్రిబ్యునల్ చూడాల్సిన విషయం. తగవున్న స్థలంలో మున్సిపాలిటీ డబ్బు పెట్టడానికి ఏ ఇంజినీరూ ముందుకు రాడు. చాలా గోడలు ఆగిపోయేది ఇక్కడే.

కాగితాలు సరిగా ఉంటే ముతవల్లీ లేదా కమిటీ సదర్ పేరుతో కమిషనర్‌కు అర్జీ, దాని నకలు వార్డు కౌన్సిలర్‌కు ఇవ్వాలి. ఇంజినీరింగ్ విభాగం కొలతలు తీసి ఎస్టిమేట్ వేస్తుంది. ఆ తర్వాతే అది అజెండాకు ఎక్కుతుంది. తీర్మానం అయ్యాక సాంకేతిక అనుమతి, టెండరు, పని, కొలతల పుస్తకం, బిల్లు. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగిందో అడిగితే జవాబు వస్తుంది. "గోడ ఏమైంది?" అని అడిగితే మాత్రం "ప్రాసెస్‌లో ఉంది" అనే వస్తుంది.

"నిధులున్నాయంటారు, మన పనికి లేవంటారు" అన్న ఫిర్యాదుకు కూడా ఒక కారణం ఉంది. మున్సిపాలిటీకి వచ్చే డబ్బంతా ఒకే సంచిలో ఉండదు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం లాంటి పనులకే కట్టేసింది. తెలంగాణ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పోవాలి. జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలే సాధారణ నిధుల నుంచే గోడల్లాంటి పనులు చాలావరకు జరగాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బడ్జెట్ అంతకు ముందే సిద్ధమవుతుంది. కాబట్టి అర్జీ డిసెంబరులోగా చేరితే మేలు. మేలో ఇచ్చిన అర్జీకి "వచ్చే ఏడాది చూద్దాం" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

కో-ఆప్షన్ సభ్యులు, వార్డు కమిటీలు

తెలంగాణలో ప్రతి మున్సిపల్ కౌన్సిల్‌కు నలుగురు కో-ఆప్షన్ సభ్యులు ఉంటారు. అందులో ఇద్దరు మైనార్టీలు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. ఆంధ్రప్రదేశ్‌లోనూ మైనార్టీల నుంచి కో-ఆప్షన్ సభ్యులను తీసుకునే పద్ధతి ఉంది. వీళ్లు సభలో కూర్చుంటారు, మాట్లాడతారు, కానీ ఓటు హక్కు లేదు. ఓటు లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అజెండా ప్రతి వాళ్లకూ అందుతుంది. మహల్లాలోని సమస్యను సభ ముందు పెట్టడానికి, పెట్టిన మాట మినిట్స్‌లో ఎక్కేలా చూడటానికి ఆ కుర్చీ పనికొస్తుంది. ఆ మహిళా స్థానంలో ఉన్నవారికి నీళ్లు, మరుగుదొడ్లు, బడి దారి గురించి నేరుగా చెప్పుకోవడం ఆడవాళ్లకు తేలిక.

2019 తెలంగాణ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు చెప్పింది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కో దానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మున్సిపల్ ఆఫీసులో అడగవచ్చు.

పుట్టుక, మరణం: కౌన్సిల్‌తో పనిలేని కాగితాలు

జనన మరణాల నమోదు 1969 నాటి కేంద్ర చట్టం ప్రకారం జరుగుతుంది. 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు. ఆసుపత్రిలో కాన్పయితే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో అయితే ఇంటి పెద్దది. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ అధికారమున్న అధికారి ఉత్తర్వు కావాలి.

పేరు లేకుండా నమోదైన బిడ్డకు ఏడాదిలోపు ఉచితంగా పేరు ఎక్కించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో ఎక్కిస్తారు. ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. అప్పటికి 21 రోజుల గడువు ఇంకా మిగిలే ఉంటుంది. అదే వారం పేరు రిజిస్టరుకు ఎక్కిస్తే తర్వాత తిరగనక్కర్లేదు.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ వల్ల ఈ కాగితం విలువ ఇంకా పెరిగింది. ఆ తేదీ నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, చోటు రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. ముస్లిం పేర్లలో పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. ఒకచోట షేక్, ఇంకోచోట ఎస్‌కే. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట ఎండీ. ఇంగ్లిష్‌లో మహమ్మద్‌ను నాలుగైదు రకాలుగా రాస్తారు. తల్లి పేరులో బేగం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. ఆసుపత్రి ఫారం నింపేటప్పుడే తల్లిదండ్రుల ఆధార్‌లో ఉన్న అక్షరాలే చూసి రాయించాలి. తప్పు పడితే రిజిస్ట్రార్‌కు ఆధారాలతో దరఖాస్తు చేసి సరిచేయించుకోవచ్చు. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు.

మరణం విషయంలో ఆలస్యం ఎక్కువ. జనాజా అయిపోయాక సర్టిఫికెట్ ఎవరికీ గుర్తుండదు. తర్వాత వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, బీమా, విరాసత్ పంపకం అన్నిటికీ అదే అడ్డం పడుతుంది. ఇద్దత్‌లో ఉన్న మహిళ ఆఫీసుకు తిరగాల్సిన అవసరం లేదు. ఇంటి పెద్ద లేదా దగ్గరి బంధువు సమాచారం ఇవ్వవచ్చు. ఖబరస్తాన్ నిర్వాహకుడిపైనా మరణ సమాచారం తెలియజేసే బాధ్యతను చట్టం పెట్టింది. కమిటీలు దఫన్ రిజిస్టరు సరిగా రాస్తే ఎన్నో కుటుంబాలకు ఆసరా అవుతుంది.

బండి, దుకాణం, పన్ను

తోపుడు బండ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. టౌన్ వెండింగ్ కమిటీకి కమిషనర్ అధ్యక్షత వహిస్తారు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. మైనార్టీలకు కూడా ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఉన్న వ్యాపారిని తీసేయకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సర్వే రోజున బండి దగ్గర లేని వ్యాపారి పేరు జాబితాలో ఎక్కకపోవచ్చు. సర్వే తేదీ తెలుసుకుని ఆ రోజు అక్కడే ఉండాలి.

మాంసం దుకాణం, హోటల్, వెల్డింగ్ షాపు లాంటివాటికి ట్రేడ్ లైసెన్స్ ఉండాలి. దాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. పశువధకు సంబంధించి 1977 చట్టం వేరుగా ఉంది. కౌన్సిల్ తీర్మానంతో దాన్ని సడలించడం కుదరదు.

ఆస్తి పన్నులో ప్రార్థనా స్థలాలకు, ఖబరస్తాన్లకు మినహాయింపు ఉంది. మసీదుకు చెందిన ములిగీలు అద్దెకిస్తే ఆ ములిగీలకు మాత్రం పన్ను పడుతుంది. డిమాండ్ నోటీసు వస్తే మొత్తం ఆవరణ మీద వేశారా, అద్దె గదుల మీదే వేశారా అన్నది కమిటీ చూసుకోవాలి. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కట్టినవారికి 5 శాతం రాయితీ ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

పండుగ ఏర్పాట్లు

రంజాన్‌లో సహర్ వేళకు నీళ్లు, మసీదుల దగ్గర దీపాలు, ఈద్గా చదును, నమాజు రోజున ట్యాంకర్లు, బక్రీద్‌కు వ్యర్థాల బండ్లు, గుంతలు, బ్లీచింగ్. ఇవి ఖర్చుతో కూడిన పనులు, అజెండాలోకి రావాల్సినవి. కౌన్సిల్ ఇంగ్లిష్ నెలలతో నడుస్తుంది. పండుగ చాంద్ ప్రకారం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. "పోయిన ఏడాది ఈ నెలలో కదా" అని ఆఫీసు అనుకుంటే ఏర్పాట్లు ఆలస్యమవుతాయి. ఏడాది మొదట్లోనే అంచనా తేదీలు రాసి, కావాల్సినవి జాబితాగా ఇచ్చే కమిటీలకు ఈ చిక్కు ఉండదు. బక్రీద్ రోజున వ్యర్థాలు ఏ మలుపు దగ్గర ఎన్ని గంటలకు తీసుకెళ్తారో ముందే ఖాయం చేసుకుంటే ఇరుగుపొరుగుకూ ఇబ్బంది తప్పుతుంది.

అడిగే పద్ధతి

అర్జీ ఒకే విషయంపై ఒక పేజీలో ఉండాలి. తేదీ, వార్డు, చోటు, కావాల్సిన పని స్పష్టంగా రాయాలి. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోవాలి. వెలగని దీపం, నిండిన మురుగు కాలువ, రాని నీళ్లు లాంటివాటికి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి, వాటికి తీర్మానం అక్కర్లేదు. కొత్త రోడ్డు, గోడ, కొత్త పైపులైను లాంటివాటికి మాత్రం అజెండా వరకు వెంటపడాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద తీర్మానం నకలు, ఎస్టిమేట్, టెండరు వివరాలు అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

జుమా తర్వాత మసీదు మెట్ల మీద ఎన్నో మాటలు జరుగుతాయి. నాయకులు వస్తారు, హామీలు ఇస్తారు. ఆ వారంలోనే ఆ హామీని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి, ముద్ర వేయించుకుని, వచ్చే సమావేశం అజెండాలో నంబరు పడిందా అని చూస్తేనే పని ముందుకు సాగుతుంది.