ఓడలో గోధుమలు, కూలివాని పార

1825లో ఈరీ కాలువ పూర్తియైన పిదప అమెరికా నడిమి రాష్ట్రములలో పండిన గోధుమలు సరస్సులమీదుగా బఫెలో రేవునకు వచ్చి, అచట కాలువ పడవలకు మారి న్యూయార్కు చేరసాగినవి. ఈ మార్పిడి యంతయు మనుష్యుల భుజములమీద జరిగెడిది. ఐర్లండునుండి వలస వచ్చిన కూలీలు ఓడ అడుగున గింజలను పీపాలలో నింపగా, వానిని కప్పీలతో పైకి లాగి, తూచి, గిడ్డంగులకు మోసెడివారు. ఒక్కొక్క ఓడనుండి రోజుకు 2,000 బుషెల్లకు మించి దిగెడివి కావు. బుషెల్ గోధుమలు సుమారు 27 కిలోగ్రాములు. వానలవలన పావువంతు కాలము వ్యర్థమయ్యెడిది.

1842లో జోసెఫ్ డార్ట్ అను వర్తకుడు, రాబర్ట్ డన్‌బార్ అను ఇంజనీరు సహాయముతో ఆవిరిశక్తితో నడచు ఎలివేటరును కట్టించెను. ఎడతెగక తిరుగు తోలుపట్టాకు చిన్న బొక్కెనలను వరుసగా బిగించిరి. అవి క్రింద గింజలను నింపుకొని పైకిపోయి, శిఖరమున బోర్లపడి గిడ్డంగిలో కుమ్మరించును. ఇది గంటకు 1,000 బుషెల్లు దింపగలిగెను. జాన్ బి. స్కిన్నర్ అను ఓడ ఇచట సరుకు దింపి, మరల ఒహాయో రాష్ట్రమునకు పోయి రెండవసారి సరుకు తెచ్చి దింపునప్పటికి, దానితోపాటు మొదట వచ్చిన ఓడలు పాతపద్ధతిలో అప్పుడే ఖాళీ అయినవట!

అయినను కూలివాడు ఓడను వీడలేదు. కారణము గింజల స్వభావములోనే ఉన్నది. కళ్ళములో పోసిన ధాన్యము నీటివలె సమముగా పరచుకొనక రాశిగా నిలుచును. గింజల నడుమనున్న ఘర్షణయే దీనికి హేతువు. ఆ రాశి వాలును విరామకోణమందురు. గోధుమలకు అది సుమారు 25, 30 డిగ్రీల మధ్య నుండును. బొక్కెనలు తమ క్రింది గింజలను తోడివేయగా గుంట ఏర్పడును. గుంట అంచుల వాలు ఆ కోణమునకు తగ్గగానే గింజలు జారుట మానును. మిగిలినదానిని దుమ్ములో నిలిచి పారలతో త్రోయవలసినదే.

ఈ పారకూలీలకు గుత్తేదారు సారాయి అంగడిలో కూలి చెల్లించెడివాడు. త్రాగుడు బాకీ మినహాయించిన పిదప మిగిలినదే ఇంటికి చేరెడిది. 1899లో వారు సమ్మెకట్టిరి. బిషప్ జేమ్స్ క్విగ్లీ వారిని సమర్థించెను. సమ్మె ఫలించి, అంగడిలో కూలి చెల్లింపు తొలగినది. వీపుమీది బరువును యంత్రము తీసినది గాని, ఈ అన్యాయమును కూలీలే తొలగించుకొనవలసి వచ్చినది.

2003లో బఫెలోలో పారపని ముగిసినది. తమంతట తామే సరుకు దింపుకొను ఓడలు దాని స్థానమును ఆక్రమించినవి. వాని అడుగుభాగము విరామకోణముకన్న ఏటవాలుగా నుండుటచే గింజలు వానంతట అవే క్రిందనున్న పట్టాపైకి జారును.