పట్టేసిన కుడిచేయి

నిన్నటి వాన నీళ్లు షెడ్డు రేకుల అంచున ఇంకా బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. మిరుగం వచ్చి నాలుగు రోజులైంది. గోదావరిఖని నుంచి యైటింక్లయిన్ కాలనీ వైపు పోయే దారిలో, పాత టైర్లు, ఇరుసులు, గ్యాస్ సిలిండర్ల మధ్య నిలబడి ఉన్నాను. బయట బొగ్గు లారీలు పోతున్నాయి. అవి చిమ్మే నల్ల బురద గడప దాకా వచ్చి పడుతోంది.

షెడ్డు ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక తొమ్మిది కర్రుల కల్టివేటర్. కుడి పక్క కర్రులకు మోకాలి దాకా ఎర్రమన్ను. ఎడమ పక్కవి మాత్రం కొసన గీరుకుని మెరుస్తున్నాయి. పత్తి చేను దుక్కికి పోయిన బండి ఇది. కుడివైపు దిగబడుతోంది, ఎడమవైపు నేల మీద గీతలు గీస్తోంది. అట్లా దున్నితే చేను పళ్లు విరిగిన దువ్వెనతో దువ్విన తలలా తయారవుతుంది.

"ఎంతసేపు తిప్పినవ్ తమ్మీ?"

"పొద్దుగాల్నుంచి కాకా. పైపు సుత తొడిగిన."

"గదే కనవడ్తాంది. హ్యాండిల్ వంగిపాయె."

కాక రిటైరైన ఫిట్టరు. బాయిలో హాలర్ ఇంజన్ల మీద పనిచేశాడు. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అనే అంటారు. ఆయన కూర్చోకుండానే వెనక్కి వంగి, కుడి లిఫ్ట్ రాడ్డు మీదున్న గుండ్రటి పెట్టెను సుత్తె మొనతో రెండుసార్లు తట్టాడు. ఠంగున మోగింది. తల ఊపాడు. బాయిలో కప్పును ఇట్లాగే ఇనుప కడ్డీతో తట్టి వినేవాళ్లు. గట్టిగా మోగితే కప్పు పట్టుకుని ఉన్నట్టు, డొల్లగా పలికితే ఊడి రావడానికి సిద్ధంగా ఉన్నట్టు. అక్కడ ఠంగుమంటే ప్రాణం కుదుటపడేది. ఇక్కడ అదే చప్పుడు చెడ్డ వార్త. లోపలి మరా బయటి పెట్టే ఒకే ముద్ద అయిపోయాయి.

ట్రాక్టరు వెనక పనిముట్టును మూడు చేతులు పట్టుకుంటాయి. కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింకు. కింది లింకులను హైడ్రాలిక్ చేతులు రెండు లిఫ్ట్ రాడ్లతో లేపుతాయి. ఎడమ రాడ్డు చాలా బండ్లకు ఒకే పొడుగు. కుడిది పొట్టీ పొడుగూ అవుతుంది. పైనున్న హ్యాండిల్ తిప్పితే పెట్టెలోని పళ్ల చక్రాలు తిరిగి, వాటితో మర తిరుగుతుంది. లెవలింగ్ బాక్స్ అంటే అదే. రెక్క నాగలితో దున్నేటప్పుడు కుడి చక్రం చాలులో నడుస్తుంది, బండి కుడికి ఒరుగుతుంది. అప్పుడు కుడి రాడ్డును పొట్టి చేస్తే నాగలి నేలకు సమంగా నిలుస్తుంది. కల్టివేటర్‌కు వచ్చేసరికి రెండు రాడ్లూ సమానం కావాలి.

కాక ముందు చేసిన పని ఇంజన్ ఆపించి తాళం తన జేబులో వేసుకోవడం. చక్రాలకు రాళ్లు పెట్టించాడు. కల్టివేటర్‌ను నేల మీద ఆనించి పిన్నులు తీయించాడు. కింది లింకు కింద చెక్క దిమ్మె జరిపాడు. హైడ్రాలిక్ మీద వేలాడే బరువు కిందికి చేయి పెట్టనివ్వడు. పైగా బరువు వేలాడుతున్నంతసేపూ మర ఒక పక్కకే ఒరుసుకుని ఉంటుంది, తిప్పడం ఇంకా కష్టమవుతుంది. ట్రాక్టరు తెచ్చిన తమ్మి పొద్దున్నుంచీ చేసింది సరిగ్గా ఆ పనే.

"పైపు తొడిగితే బలమొస్తది కాకా."

"బలమొస్తది. లోపల పన్ను ఇరుగుతది. అప్పుడు కొత్త డబ్బే కొనాలె."

రాడ్డు విప్పి బల్ల మీద పెట్టాం. ఎడమ రాడ్డు పక్కన వెదురు బద్ద పట్టి గంటు పెట్టాడు. కుడిది వేలెడంత పొడుగుంది. ఆ వేలెడు తేడా చూసి కాక నొసలు చిట్లించాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు తీగ బ్రష్. నల్లటి పెంకు లేస్తోంది, దాని కింద బూడిద రంగు పొర, దాని కింద ఎర్రటి జంగు. ఈ పొరల్లో బండి బతుకంతా చదవొచ్చు. ఈ ప్రాంతపు ట్రాక్టరు దున్నేది ఏడాదికి కొన్ని వారాలే. మిగిలిన కాలమంతా ట్రాలీ వెనక తగిలించుకుని ఎన్టీపీసీ బూడిద ఇటుకలు, ఇసుక, యూరియా బస్తాలు మోస్తుంది. ఎన్టీపీసీ రామగుండం ప్లాంటు 2,600 మెగావాట్లది, దాని బూడిద రోడ్ల మీదే తిరుగుతుంది. 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో 2021లో మళ్లీ తెరుచుకున్నాక యూరియా లోడ్లూ వచ్చాయి. ట్రాలీని లాగేది కింది హుక్కు. లిఫ్ట్ రాడ్డు మాత్రం పని లేకుండా వేలాడుతూ వానకు తడుస్తుంది. బొగ్గు పొడి తేమను పట్టి ఉంచుతుంది, యూరియా ఇనుమును తింటుంది, బూడిద పాత గ్రీజులో కలిసి గరుకు కాగితమవుతుంది. జంగు తాను తిన్న ఇనుముకన్నా రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. మర చుట్ల మధ్య ఉండేదే సన్నటి సందు. అది నిండిపోతే ఇంకేం తిరుగుతుంది?

పెంకు లేచాక గ్రీజు నిపుల్ బయటపడింది. అది అక్కడ ఉందని తమ్మికి ఇవాళే తెలిసింది. కాక గ్రీజు గన్ను పెట్టి నొక్కాడు, పోలేదు. నిపుల్ విప్పి సూదితో గుచ్చితే ఎండిన సున్నంలాంటిది రాలింది. ఆ రంధ్రంలోంచే డీజిల్‌లో ఇంత ఇంజన్ ఆయిల్ కలిపి పోశాడు. బుడగలు వచ్చాయి. "తాగుతాంది," అన్నాడు. కోసిన ఆయిల్ డబ్బాలో రాడ్డును నిలబెట్టి, మర మునిగేదాకా అదే నూనె నింపాడు.

"ఇగ రేపు."

"దుక్కి ఆగిపోతది కాకా!"

"ఇయ్యాల ఇరగ్గొట్టుకుంటే మూడు దినాలు ఆగుతది."

ట్రాక్టరు వెనక పనిముట్టును పట్టుకునే ఈ మూడు చేతుల ఏర్పాటు ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్‌ది. అంతకుముందు ట్రాక్టరు నాగలిని బండిలాగా వెనక ఈడ్చేది. నాగలి రాయికి పట్టుకుంటే ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదికి తిరగబడేది. ఫెర్గూసన్ పై లింకును పెట్టి, నాగలికి అడ్డు తగిలినప్పుడు వచ్చే తోపుడు ముందు చక్రాలను నేలకు నొక్కేలా చేశాడు. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమంతా తిరిగింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన పొలాల్లోకి వచ్చాయి. ఇవాళ ఏ కంపెనీ బండి వెనకకు పోయినా అవే మూడు చేతులు. అంత తెలివైన ఏర్పాటు ఒక చెంచాడు గ్రీజు లేక మూగబోవడం చూస్తే నాకు మన మీదే కోపం వస్తుంది.

మరునాడు పొద్దున్నే, మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల మోటార్‌సైకిళ్లు సాగుతుండగా కాక షెడ్డు తెరిచాడు. రాడ్డును డబ్బాలోంచి తీసి గుడ్డతో పొడిగా తుడిచాడు, ఆరబెట్టాడు. నూనె డబ్బాను షెడ్డు బయటికి పంపించాడు. నిపుల్ రంధ్రం తెరిచే ఉంచాడు. లోపల చిక్కిన ఆవిరికి దారి లేకపోతే మంట తగలగానే పెట్టె పగులుతుంది, పక్కనున్నవాడి మొహం కాలుతుంది.

గ్యాస్ మంట వెలిగింది. మరకు తగలనీయకుండా, దాన్ని పట్టుకున్న బయటి మెడ చుట్టూ తిప్పుతున్నాడు. ఒకచోట ఆపడు, ఎర్రబడనీయడు. నూనె పొగ ముక్కుకు ఘాటుగా తగులుతోంది. 30 మిల్లీమీటర్ల రంధ్రం 200 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.07 మిల్లీమీటరు, తల వెంట్రుకంత. జంగు పట్టు వదలడానికి అది చాలు. లోపలి మర కూడా వేడెక్కితే అదీ పెరిగి లాభం లేకుండా పోతుంది, అందుకే మంట బయటికే.

మంట ఆపి నాలుగు పక్కలా సుత్తెతో తట్టాడు, కొట్టలేదు. వంపు సరిచేసిన హ్యాండిల్ పట్టుకుని, విప్పే దిక్కుకు కాకుండా ముందు బిగించే దిక్కుకు ఒత్తాడు. కిర్రుమంది. మళ్లీ ఇటు. ఇసుక నమిలినట్టు చప్పుడు. పావు చుట్టు.

తమ్మి ముందుకొచ్చి హ్యాండిల్ అందుకోబోయాడు. కాక చేత్తో ఆపాడు. చేయి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగి నూనె పోశాడు. చల్లారే సందు నూనెను లోపలికి లాక్కుంటుంది. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, నూనె. ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. నాలుగోసారికి సగం చుట్టు వచ్చింది. ఒక్క దిక్కుకే లాగితే రాలిన జంగు ముందు పోగై మళ్లీ బిగుసుకుంటుందట. గంటన్నర పోయాక హ్యాండిల్ ఒంటిచేత్తో తిరిగింది. సుత్తెతో తడితే ఈసారి డొల్లగా పలికింది.

మర మొత్తం విప్పి డీజిల్‌లో కడిగాడు. పళ్ల చక్రాల మీద గుంటలు పడ్డాయి గానీ పళ్లు విరగలేదు. కొత్త నిపుల్ బిగించి, పాత మురికి పోయి పచ్చటి గ్రీజు అంచుల్లోంచి పొంగేదాకా గన్ను నొక్కాడు. వెదురు బద్ద గంటుకు సరిగ్గా తెచ్చి రాడ్డు బిగించాడు.

అప్పుడు చేశాడు నిన్నటి నుంచీ మనసులో పెట్టుకున్న పని. రెండు వెనక టైర్ల గాలి చూశాడు. కుడి టైరులో గాలి బాగా తక్కువ.

"వేలెడు తేడాకు మోకాలంత దిగదు తమ్మీ. సగం తప్పు గీ టైరుది."

తమ్మి నేల చూశాడు. గాలి నింపి, సిమెంటు గచ్చు మీద కల్టివేటర్ దించితే తొమ్మిది కర్రులూ ఒక్కసారే ఆనాయి.

కాక రాడ్డు మీద తెల్ల రంగుతో గీత గీశాడు. రెండు రాడ్లూ సమానమయ్యేది అక్కడే. దుక్కులయ్యాక ట్రాలీ తగిలించే ముందు, ఆ తర్వాత నెలకోసారి, హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి మళ్లీ గీతకు తెచ్చి పెట్టమన్నాడు.