గోథిక్ కళ – మొనదేలిన కమాను ప్రయాణం

మధ్యయుగ ఐరోపా ప్రపంచానికిచ్చిన కళారీతులలో గోథిక్ నిర్మాణకళ అగ్రగణ్యమైనది. 'గోథిక్' అనేది నిజానికి నిందావాచకం. గ్రీకు, రోమను పద్ధతులే ఉత్తమమని నమ్మిన ఇటలీ పండితులు, అనాగరికులుగా తాము భావించిన గోతు జాతివారి పేరును ఈ కళకు అంటగట్టారు. ఆంగ్ల వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ మాత్రం దీనిని 'సారసెన్' రీతి, అనగా ముస్లింల రీతి, అని పిలవడమే న్యాయమని 18వ శతాబ్ది ఆరంభంలో వాదించాడు. ఈ వాదంలో సత్యమెంత?

గోథిక్ కళకు ప్రాణం మొనదేలిన కమాను. అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగమే ఉంటుంది. మొనదేలిన కమానుకు ఆ నిర్బంధం లేదు. పైగా అది గోడలను పక్కలకు నెట్టే ఒత్తిడి తక్కువ. ఇస్లాంకు పూర్వమే సిరియాలో దీని ఛాయలు కనిపిస్తాయి. కాని దీనిని ఒక పద్ధతిగా వాడినవారు ముస్లిం నిర్మాతలే. హారూన్ రషీద్ కాలంలో, హిజ్రీ 172లో (క్రీ.శ. 789) ఫలస్తీనులోని రమ్లాలో కట్టిన భూగర్భ జలాశయం, 879లో కైరోలో పూర్తయిన ఇబ్ను తూలూన్ మస్జిదు ఇందుకు సాక్ష్యాలు. ఖుర్తుబాలో రెండవ హకమ్ (961–976) విస్తరింపజేసిన జామె మస్జిదులోనూ, తులైతులాలో హిజ్రీ 390లో (క్రీ.శ. 999) కట్టిన చిన్న మస్జిదులోనూ గుమ్మటాల కింద రాతి పక్కటెముకలు అల్లుకొని ఉన్నాయి. ఇంగ్లండులోని డర్హమ్ చర్చికి పునాది పడింది 1093లో.

సిసిలీ, స్పెయిన్, సిరియాల మీదుగా ఈ పరిజ్ఞానం ఐరోపాకు చేరిందని పలువురు పండితుల అభిప్రాయం. అంతమాత్రాన గోథిక్ కళ అంతా మనదేననడం న్యాయం కాదు. కమానునూ, పక్కటెముకల కప్పునూ, వెలుతురునూ ఏకం చేసినవాడు పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజేర్. ఆయన కట్టించిన తూర్పు భాగం 1144లో ప్రతిష్ఠితమైంది. తరువాతివారు కప్పు బరువును బయటి ఆనుకమాన్ల మీదికి మళ్ళించి, గోడల స్థానంలో రంగుటద్దాలను నిలిపారు. 1220లో ఆమియెన్ చర్చిని ఆరంభించిన రాబర్ట్ ద లుజార్ష్, తన చిత్రపు పుస్తకంతో నాటి పనితనాన్ని మనకందించిన విలార్ ద ఒనెకూర్ ఈ కోవలో ప్రముఖులు. ఎత్తు కోసం పడిన ఆరాటానికి హద్దూ కనిపించింది: 1284లో బోవే చర్చి కప్పు కూలిపోయింది.

ఈ కమాను రెండు దారులలో తెలుగునేలకు వచ్చింది. ఇరాన్ మీదుగా దక్కనుకు చేరి, 1591లో చార్మినార్‌లో నిలిచింది. ఐరోపా చుట్టి వచ్చిన రెండవ శాఖ, నిజాం రాజ్యంలోని మెదకులో, పాస్నెట్ దొర పూనికతో లేచిన గోథిక్ చర్చిలో వెలసింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఆ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు.

పూర్వులు ఇచ్చినదాన్ని దాచిపెట్టడం అన్యాయం; ఇవ్వనిదాన్ని ఇచ్చారనడమూ అన్యాయమే. ముస్లిం చరిత్రకారుడు సాక్షి వంటివాడు. తనవారి పక్షాన పలికేటప్పుడు సైతం అతడు న్యాయం తప్పరాదు. కమానునిచ్చిన కీర్తి కైరో, ఖుర్తుబాలది. దానితో వెలుగుమందిరం కట్టిన కీర్తి సూజేర్ వంటివారిది. ఇద్దరి వాటానూ ఒప్పుకోవడంలో ఎవరి గౌరవమూ తగ్గదు.